మూడున్నర గంటల దూరం

నా భార్య రుక్మిణమ్మ 2011 డిసెంబరులో చనిపోయింది. కిడ్నీలు పాడయ్యాయి. రెండేళ్ళపాటు వారానికి రెండుసార్లు పట్నంలో దవాఖానకు తీసుకుపోయి రక్తం కడిగించుకుని తెచ్చేవాణ్ణి. శంషాబాద్‌లో ఎక్కిన బస్సు ఆరాంఘర్ చౌరస్తా దగ్గర ఆగిపోయేది. లారీ అడ్డం, ఆటో అడ్డం, లేకపోతే పెళ్ళి బ్యాండు అడ్డం. పోవడానికి రెండు గంటలు పట్టేది. రావడానికి ఇంకా ఎక్కువ. ఆమె కిటికీ పక్కన కూర్చుని కొంగుతో ముక్కు మూసుకునేది.

ఒకసారి ఆ బస్సులోనే అన్నది. "మా కొండల్ దుబాయిల విమానం ఎక్కితే మూడున్నర గంటలల్ల ఇక్కడ దిగుతడు. మనం దవాఖానకు పోయొచ్చే లోపల వాడు దేశం దాటొచ్చి మనింట్ల కూసుంటడు."

"అయితే ఎక్కుమను," అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది.

కొండల్ ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లీ తండ్రీ పోయాక వాణ్ణి మా ఇంట్లోనే ఉంచుకుని పదో తరగతి దాకా చదివించింది. దుబాయిలో ఒక కంపెనీకి బస్సు నడుపుతాడు. పోయి ఆరేళ్ళయింది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "ఎంత దూరమక్కా, మూడున్నర గంటలు. నువ్వు పొద్దుగాల రమ్మంటే మాపటికి నీ ముంగట ఉంట." ఆమె సంబరపడేది. ఫోన్ పెట్టేశాక ఆ మాటే నాకు మళ్ళీ చెప్పేది, పక్కనే ఉన్న నేను విననట్టు.

ఆమె పోవడానికి ముందు ఏడు వాడు వచ్చాడు. తన భార్య తమ్ముడి పెళ్ళికి. ఆరాంఘర్‌లో ఫంక్షన్ హాలు. పది రోజులు అక్కడే అత్తగారింట్లో ఉన్నాడు. అక్కడి నుంచి మా ఇంటికి అరగంట. అప్పటికి ఆమెకు పెళ్ళిలో నిలబడే శక్తి లేదు. రోజూ తల దువ్వుకుని గడపలో కూర్చునేది. పదోనాడు వాడు ఎయిర్‌పోర్టు లోపలి నుంచి ఫోన్ చేశాడు. "ట్రాఫిక్ మస్తుగుండె అక్కా. మల్లొచ్చినప్పుడు సీదా నీ తానికే వస్త."

మా మేడ మీది నుంచి ఎయిర్‌పోర్టు గోడ కనిపిస్తుంది. ఆమె గోడ పట్టుకుని మెట్లెక్కింది. వాడిది ఏ విమానమో తెలియదు కనుక ఆ సాయంత్రం లేచిన విమానాలన్నీ చూసి దిగివచ్చింది. నేను ఏమీ అనలేదు. అనవలసిన రోజు ఒకటి వస్తుందని అనుకున్నాను.

మా ఊరి పొలాల్లో చాలా భాగం ఆ గోడ లోపలికే పోయింది. నావి మూడెకరాలు. జొన్న వేసే నేల. ఇప్పుడు దాని మీద ఏముందో నాకు తెలియదు. విమానాలు మా ఇళ్ళ మీదుగా దిగుతాయి. పశువులు కూడా ఆ చప్పుడుకు తల ఎత్తడం మానేశాయి. అందుకే మా ఊళ్ళో ప్రతివాడికీ విమానాల సంగతి తనకే తెలుసని ఒక నమ్మకం. ఎక్కినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మాలో భర్త ఉండగా పోయిన ఆడదానికి తల్లిగారి చీర కప్పాలి. అన్నో తమ్ముడో తేవాలి. పసుపు రాసి, పూలు పెట్టి, ఆ చీర కప్పాకే లేపుతారు. అది లేకుండా లేపితే ఆ మనిషికి పుట్టిల్లే లేదన్నట్టు. చివరి వారం మంచం మీద ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

"కొండల్ చీర తెస్తడు. వాడొచ్చేదాక నన్ను లేపకు."

నేను సరే అనలేదు. కాదనలేదు. నోట్లో నీళ్ళు పోశాను.

ఆమె పోయింది సోమవారం, దీపాలు పెట్టే వేళ. మా బిడ్డ సంతోషి కొండల్‌కు ఫోన్ చేసింది. వాడు ఏడ్చాడు. ఆ ఏడుపు ఫోనులోంచి నాకూ వినబడింది. పాస్‌పోర్టు కంపెనీవాళ్ళ బీరువాలో ఉందట. ఆఫీసు తెరిచేదాకా చేతికి రాదట. సరే, రాత్రి అలా గడిచింది. మరునాడు పొద్దున మళ్ళీ ఫోన్ వచ్చింది. సంతోషి అందరికీ వినబడేటట్టు పెట్టింది.

"పాస్‌పోర్ట్ చేతికొచ్చింది బిడ్డా. టికెట్ దొరికింది. ఒంటిగంటకు విమానం లేస్తది. మూడున్నర గంటలు. నేనొచ్చేదాక అక్కను లేపకుండ్రి. బావకు చెప్పు."

ఆ బావను నేను అక్కడే ఉన్నాను. నాకు వేరే చెప్పవలసినది ఏమీ లేదు.

చెన్నయ్య మా పెదనాన్న కొడుకు. నాకంటే పెద్దవాడు. మా వాడకట్టులో చావుకైనా పెళ్ళికైనా ఆయన మాటే నడుస్తుంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఇనుర్రి. ఒక రాత్రి అయిపోయింది. రెండో రాత్రి ఉంచేది లేదు. శవం లేచేదాక వాడకట్టుల పొయ్యి ముట్టియ్యరు, పిల్లలు ఉపాసముంటున్నరు. పొద్దు గూకక ముందే లేపాలె. గప్పటికి కొండల్ వస్తడా రాడా, గది జూడుర్రి."

"చలపతి సార్‌ను అడుగుదాం పెదబాపు," అన్నది సంతోషి.

చలపతి మా పైవాటాలో కిరాయికుంటాడు. గుంటూరు వైపు మనిషి. కొత్తూరులో ఒక విత్తనాల కంపెనీలో లెక్కలు చూస్తాడు. ఆ రోజు మా కోసం సెలవు పెట్టాడు. ఆయన భార్య శాంతకుమారి పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళకు టీలు పెట్టి పంపుతూనే ఉంది. మా పొయ్యి వెలగకూడదు కానీ పైవాటా పొయ్యికి ఆ నియమం లేదని చెన్నయ్యే తేల్చాడు.

చలపతి కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. చుట్టూ పదిమంది వంగారు.

"దుబాయి నుంచి హైదరాబాదుకు రెండు వేల అయిదు వందల కిలోమీటర్ల పైచిలుకండి. విమానానికి మూడున్నర గంటలు, కొంచెం అటూ ఇటూగా."

"పోరడు ఉన్నదే చెప్పిండు," అన్నాడు చెన్నయ్య.

"ఒంటిగంటకు బయలుదేరితే నాలుగున్నరకు దిగుతారు. తనిఖీలూ సామానూ అయ్యేసరికి అయిదూ పావు. ఇక్కడికి అయిదున్నరలోపే వచ్చేస్తారండి."

"పొద్దు గూకేది?"

చలపతి అదీ చూశాడు. "అయిదూ నలభై దాటాక."

"ఇగ పరేషాన్ లేదు. కప్పంగనే లేపుదాం."

అందరూ తల ఊపారు. రెండు వేల అయిదు వందల కిలోమీటర్లు అన్న మాట చేతులు మారుతూ గేటు దాకా పోయింది. ఆడవాళ్ళు ఏడుపు ఆపి ఆ మాట చెప్పుకున్నారు. ఆరేళ్ళుగా ఫోన్లు మాట్లాడుతున్నాం. పండుగలకు మాట్లాడాం, జ్వరాలకు మాట్లాడాం. అక్కడ ఇప్పుడు టైమెంతయింది అని ఏనాడూ ఎవరూ అడగలేదు. ఆ పొద్దున కూడా ఎవరూ అడగలేదు. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కూడా.

మధ్యాహ్నానికి కట్టెలు వచ్చాయి. తెచ్చింది జంగయ్య. రింగు రోడ్డు పనికి కంకర తోలే టిప్పర్ నడుపుతాడు. రుక్మిణమ్మ పుట్టిన ఊరివాడే. కొత్తూరు అవతల. ఆమెకు చుట్టం కాడు, మా కులమూ కాదు. చిన్నప్పుడు ఆమె చంక ఎక్కి తిరిగినవాడు. అక్కా అనేవాడు, నన్ను మాత్రం పటేలా అనేవాడు. దవాఖానకు పోయే రోజుల్లో బస్సు తప్పితే రెండు మూడుసార్లు టిప్పర్‌లో ఎక్కించుకుని ఆరాంఘర్ దాకా దించాడు. ఆ రోజు కట్టెలు దింపి, చేతులు కడుక్కుని, దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు.

నాలుగింటికి అల్లుడు మల్లేశ్వర్ ఆటో తీసుకుని ఎయిర్‌పోర్టుకు పోయాడు. నాలుగున్నరకు టెంటు కింద మగవాళ్ళంతా మెడలు ఎత్తి కూర్చున్నారు. ఒక విమానం తక్కువ ఎత్తులో వచ్చింది.

"గిదే," అన్నాడు కుర్మయ్య. మేకలు కాస్తాడు. ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచినప్పుడు ఆరు నెలలు లోపల గడ్డి పీకాడు. అప్పటి నుంచి విమానాల విషయంలో పెద్దమనిషి అయ్యాడు.

"నీకెట్ల ఎరుక?"

"తోక జూడు."

"మొన్న గట్లాంటి తోకనే జూపిచ్చి బొంబాయిది అంటివి."

"మొన్నది చిన్న తోక. దుబాయోల్లది పెద్దగుంటది. ఆల్లు ఉన్నోల్లు."

"గడ్డి పీకెటప్పుడు తోకలు కొలిచినవా కుర్మన్నా?"

ఎవరో నవ్వబోయి, లోపల శవం ఉందని గుర్తొచ్చి దగ్గు కింద మార్చుకున్నారు. ఆ వెనకే ఇంకో విమానం దిగింది. అది ముందుదానికంటే పెద్దది. కుర్మయ్య దాన్ని చూడనట్టు బీడీ వెలిగించాడు.

లోపల ఆడవాళ్ళు ఆమెకు స్నానం చేయించి పసుపు రాశారు. కాళ్ళకు పారాణి పెట్టారు. సంతోషి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని జుట్టు చిక్కులు తీసింది. చీర ఒక్కటే తక్కువ.

అయిదు దాటింది. మల్లేశ్వర్ నుంచి ఫోన్ లేదు. కొండల్‌కు చేస్తే బంద్ ఉంది. చెన్నయ్య మాటిమాటికీ పడమర వైపు చూస్తున్నాడు. అయిదూ పావుకు మల్లేశ్వర్ చేశాడు. సంతోషి ఫోన్ పట్టుకుని బయటికొచ్చింది.

"బోర్డు మీద దుబాయి విమానం ఆరింటికి అని రాసిండ్రు," అన్నాడు అల్లుడు.

"లేటా?" అని అరిచాడు చెన్నయ్య.

"లేట్ గాదట పెదమామా. పోలీసాయనను అడిగిన. రైట్ టైమే అన్నడు."

"రైట్ టైమైతే ఆరెట్లయితది? ఇంకో బోర్డు జూసినవేమో."

"ఉన్నదే ఒక్క బోర్డు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మెట్ల మీద నిలబడ్డ చలపతి మొహం మాత్రం మారిపోయింది. కిందికి దిగాడు. రెండు చేతులూ జోడించాడు.

"క్షమించండి. పొరపాటు నాదే. అక్కడ మనకంటే గంటన్నర వెనకండి. ఆయన ఒంటిగంట అన్నది అక్కడి ఒంటిగంట. మనకు అప్పుడు రెండున్నర. రెండున్నరకు లేచింది ఆరింటికి దిగుతుంది."

చెన్నయ్య ఆయన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"రెండున్నరకు లేచెటోడు ఒంటిగంట అని ఎందుకు చెప్పిండు?"

"ఆయన గడియారంలో ఒంటిగంటేనండి."

"ఆడికీ ఈడికీ ఒకటే సూర్యుడు గద సారూ?"

"ఒకడేనండి. ముందు మన దగ్గర పొడుస్తాడు, తరవాత వాళ్ళ దగ్గర."

"గీ ముచ్చట పొద్దుగాల చెప్పకపోతివి? కిలోమీటర్లు చెప్పినవు. పొద్దు గూకుడు నిమిషాలతోని చెప్పినవు. అసలుది మింగినవు."

"తోచలేదండి. నిజంగా తోచలేదు."

"మీ ఆంధ్రోల్ల లెక్కలన్నీ గిట్లనే ఉంటయి," అన్నాడు వెనక నుంచి కుర్మయ్య.

"నువ్వు తోకను జూసి దించినవు గద, నువ్వు నోరు మూయి," అన్నాడు చెన్నయ్య. తరవాత నా వైపు తిరిగాడు. "ఏం జేద్దామంటవ్‌రా? దిగేది ఆరింటికి. ఈడికొచ్చేసరికి ఏడు. పొద్దు ఆగదు. నీ భార్య, నువ్వు చెప్పు."

నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. అందరూ నన్ను చూశారు. సంతోషి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"బాపూ, జర ఆగుదాం. దీపం పెట్టి ఆగుదాం. అమ్మ అడిగింది గద. మామ గాలిల ఉన్నడు. ఈసారి నిజంగనే వస్తుండు."

"కిందటేడు నేల మీదనే ఉన్నడు," అన్నాను.

"గది వేరు బాపూ."

"వేరు గాదు. ఆరాంఘర్ల ఉన్నోనికి అరగంట దొరకలే. ఇయ్యాల మనకు రెండు గంటలు ఎక్కడివి?"

"అమ్మ మాట—"

"మీ అమ్మ ఆరేండ్లు జూసింది. సాలు."

చెన్నయ్యను అడిగాను. "పొద్దు గూకక ముందే లేపాలని పొద్దుగాల ఎవరన్నరు?"

"నేనే అన్న."

"మరి లేపుర్రి."

సంతోషి ఏడుస్తూ లేచి లోపలికి పోయింది. లోపల ఆడవాళ్ళ గొంతులు పెరిగాయి. చెన్నయ్య భార్య వాకిట్లోకి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"లేపుర్రి అంటే లేపుతమా? తల్లిగారి చీర లేకుంట ముత్తైదువను ఎట్ల పంపుతరు? నేను తలుపు దాటనియ్య."

"తల్లిగారోల్లు ఎవ్వరు లేరు గదనే," అన్నాడు చెన్నయ్య.

"ఆ ఊరోల్లు ఎవ్వరన్న ఉన్నరా? ఆ ఊరి నీళ్ళు తాగినోడైతే సాలు. మా మేనత్తకు గట్లనే జేసిండ్రు."

అందరూ అటూ ఇటూ చూశారు. అప్పుడు గోడ దగ్గర జంగయ్య లేచి నిలబడ్డాడు. చెప్పులు విప్పాడు.

"వాడు మనోడు గాదు గదా," అని ఎవరో అన్నారు.

"ఆ ఊరోడే గదా," అన్నాను. "పో జంగయ్యా. జల్ది పో."

కుర్మయ్య కొడుకు బండి మీద వాణ్ణి శంషాబాద్ బజారుకు తీసుకుపోయాడు. పాడె కట్టడం అయ్యేలోపల తిరిగి వచ్చారు. ఆకుపచ్చ చీర. పసుపు అంచు. మామూలు చీర. ధర రాసిన కాగితం ముక్క అంటుకునే ఉంది. సంతోషి దాన్ని గోటితో గీకి తీసింది. జంగయ్య గడప దగ్గర ఆగిపోయాడు.

"లోపలికి రావొచ్చునా అమ్మా?"

"అన్నదమ్ముడు అడిగి వస్తడా? రా," అన్నది చెన్నయ్య భార్య.

వాడు చీర మడత విప్పి ఆమె మీద కప్పాడు. పాదాల దగ్గర చీర ముడుచుకుపోతే వంగి సరిచేశాడు. "అక్కా," అన్నాడు ఒకసారి. చాలా మెల్లగా. తరవాత బయటికొచ్చి పాడెకు ముందు కొమ్ము పట్టాడు.

ఇల్లు దాటేసరికి సూర్యుడు ఎయిర్‌పోర్టు గోడ మీదికి వాలాడు. వల్లకాడు ఊరి చివర, వాగు గట్టు మీద. నాకు కొడుకులు లేరు. నిప్పుకుండ నేనే పట్టుకున్నాను. సగం దారిలో దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. పోయినవాళ్ళను పేరు పెట్టి మూడుసార్లు పిలిచే చోటు అది. ఆడవాళ్ళు అక్కడి దాకే వస్తారు. నేను ఆమె చెవి దగ్గర వంగాను.

"రుక్మిణీ," అన్నాను. రెండోసారి అన్నాను.

మూడోసారి అనేటప్పుడు మా నెత్తి మీదుగా విమానం దిగింది. నా గొంతు నాకే వినబడలేదు. అన్నానని మాత్రం తెలుసు. ఎవరూ తల ఎత్తి చూడలేదు. కుర్మయ్య కూడా చూడలేదు. సంతోషి మాత్రం చూసింది. తరవాత నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను పాడె ఎత్తమన్నాను.

చితి పేర్చి ఉంది. జంగయ్య తెచ్చిన తుమ్మ కట్టెలు. తూర్పు చీకటి పడింది కానీ పడమర ఇంకా ఎరుపు ఉంది. చెన్నయ్య దాన్ని చూసి వేళ మించలేదని అందరికీ వినబడేటట్టు చెప్పాడు. నేను నిప్పు పెట్టాను.

కట్టెలు బాగా అంటుకుని నడిమి భాగం కూలుతున్నప్పుడు వాగు పక్కన ఆటో ఆగింది. కొండల్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. లావయ్యాడు. జుట్టు పలచబడింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, దానికి విమానంవాళ్ళ కాగితం వేలాడుతూ ఉంది. వెనక మల్లేశ్వర్ బ్యాగు మోసుకొస్తున్నాడు.

మంట దగ్గరికి వచ్చి ఆగాడు. ఎంత దగ్గరికి పోవచ్చో తెలియనివాడిలా నిలబడ్డాడు.

"బావా, మొఖం..."

"లేదు," అన్నాను.

వాడు నేల మీద కూలబడ్డాడు. కాసేపు ఏడ్చాడు. ఎవరూ ఆపలేదు. మళ్ళీ లేచాడు.

"ఒంటిగంట అని చెప్పిన గద బావా. రాంగనే మల్లేశ్ చెప్పిండు ఏమయిందో. నేను అబద్ధం చెప్పలే."

"చెప్పలే," అన్నాను. "ఈసారి చెప్పలే."

"ఇంకో గంట..."

"నువ్వు రెండేండ్ల కింద రావాల్సినోనివి. గంట ముచ్చట తియ్యకు."

వాడు సంచిలోంచి చీర తీశాడు. ఎర్ర పట్టుచీర, పెద్ద జరీ అంచు. మంట వెలుగులో అంచు మెరిసింది. అంత ఖరీదు చీర ఆమె ఎన్నడూ కట్టలేదు.

"రాత్రే కొన్న. దుకాణం తలుపు కొట్టి తెరిపిచ్చి కొన్న. వెయ్యనా బావా?"

చెన్నయ్య నా భుజం పట్టుకున్నాడు. "వెయ్యనియ్‌రా. తోడబుట్టినోడు."

"నన్నెందుకు అడుగుతరు?" అన్నాను. "ఇయ్యాల ఆమెకు తల్లిగారు జంగయ్య. ఆమె మీద చీర కప్పింది వాడు. వాన్ని అడుగు."

"జంగయ్య ఎవరు?"

జంగయ్య చితికి అవతలి వైపు నిలబడి ఉన్నాడు. జారిపడ్డ కట్టెను గడతో లోపలికి నెడుతున్నాడు. చెమటతో తడిసిపోయాడు.

"నేనే అన్నా. మీ ఇంటి ఎనక వాడ. ఎల్లమ్మ కొడుకును."

కొండల్ వాణ్ణి గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. పట్టాడో లేదో. చీర రెండు చేతుల మీద పట్టుకుని వాడి దగ్గరికి నడిచాడు. దుబాయి నుంచి వచ్చినవాడు టిప్పర్ డ్రైవర్ ముందు నిలబడ్డాడు.

"తమ్మీ, వెయ్యాల్నా?"

జంగయ్య నా వైపు చూశాడు. నేను మంటనే చూస్తున్నాను. ఆ మాట చెప్పవలసినవాడు వాడే. నేను చెబితే వాడు కప్పిన చీరకు విలువ ఉండదు.

"వెయ్యి అన్నా," అన్నాడు జంగయ్య. "నీ అక్క గద. నాది చిన్న చీర. పాదాల కాడ సరిపోలే కూడ."

కొండల్ చీర మంటలో వేశాడు. అది ఒక్కసారిగా పైకి లేచి, ముడుచుకుని, నల్లగా లోపలికి పోయింది. జరీ అంచు మాత్రం కాసేపు ఎర్రని తీగలా కనిపించింది. జంగయ్య గడతో దాన్ని మధ్యకు తోశాడు.

ఆమె అడిగింది జరిగిందో లేదో నేను చెప్పలేను. తమ్ముడి చీర ఆమె దగ్గరికి పోయింది. వాడు వచ్చేదాకా ఆమె మాత్రం ఆగలేదు. నేను ఆగనివ్వలేదు. మళ్ళీ అదే సాయంత్రం వస్తే మళ్ళీ అదే చేస్తాను.

కొండల్ పదకొండు రోజులూ ఉన్నాడు. ఆరాంఘర్‌కు పోలేదు. మా ఇంటి అరుగు మీద పడుకున్నాడు. మూడోనాడు బూడిద ఎత్తడానికి వచ్చాడు, నీళ్ళు మోశాడు, వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాడు. నాతో మాట్లాడబోయేవాడు. నేను లేచి పోయేవాణ్ణి. చలపతి రెండుసార్లు దిగివచ్చి తప్పు తనదేనని మళ్ళీ చెప్పాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన తప్పు గంటన్నర. దాన్ని ఒప్పుకున్నాడు కూడా.

దినాల నాడు భార్య పోయినవాడికి తల్లిగారివాళ్ళు కొత్త బట్టలు పెడతారు. ఆ బట్ట భుజాన వేసుకున్నాకే భోజనాల బంతి కూర్చుంటుంది. నన్ను వాకిట్లో పీట మీద కూర్చోబెట్టారు. కొండల్ పళ్ళెంలో పెద్ద అంచు పంచె, కండువా, చొక్కా గుడ్డ పెట్టుకుని వచ్చాడు. జంగయ్య ఆ రోజు పని మానుకుని వచ్చాడు. గేటు దగ్గర నిలబడ్డాడు. చంకలో కాగితం పొట్లం ఉంది.

"జంగయ్యా, రా," అన్నాను.

కొండల్ పళ్ళెంతో నా ముందే ఆగాడు.

"ముందు కొండలన్న పెట్టనియ్యుర్రి పటేలా," అన్నాడు వాడు.

"పటేలా ఏంది? చీర కప్పినోనివి, బావా అను."

వాడు పొట్లం విప్పాడు. తెల్ల తువ్వాల. వచ్చి నా భుజం మీద వేశాడు. "బావా," అన్నాడు తల వంచుకుని. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను, మా ఆచారం ప్రకారం. తరవాత పీట మీది నుంచి లేచాను.

కొండల్ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"రెండూ తీసుకోవచ్చురా," అన్నాడు చెన్నయ్య. "తప్పేం లేదు."

"తప్పు లేదని నాకూ తెలుసు," అన్నాను.

కొండల్ పళ్ళెం పీట మీద పెట్టాడు. బంతి అయ్యేదాకా అది అక్కడే ఉంది. విస్తళ్ళు ఎత్తాక చాకలి వచ్చి ఈ బట్టలు ఎవరివని అడిగాడు. చావుకు సంబంధించి మిగిలిన బట్ట వాడి హక్కు.

"నీవే. తీసుకుపో," అన్నాను.

కొండల్ అరుగు మీద కూర్చుని విన్నాడు. సంతోషి వాడికి అన్నం పెట్టుకొచ్చింది. నేను వద్దనలేదు.